ఆటల పెట్టెకు తాళం పడిన కథ

పుస్తకం అట్ట మీద రచయిత పేరు ఉంటుంది. సినిమా మొదలు కాగానే దర్శకుడు మొదలుకొని దుస్తులు కుట్టినవారి వరకు పేర్లు వరుసగా తెర మీద పడతాయి. గ్రామఫోను రికార్డు మీద పాడినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు అచ్చు వేస్తారు. కాని 1980 లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన 'అడ్వెంచర్' అనే వీడియో ఆటను ఒంటిచేతితో తయారుచేసిన వారెన్ రాబినెట్ తన పేరును ఒక రహస్యపు గదిలో దాచుకోవలసి వచ్చినది. ఆ గదిలోనికి పోవలెనంటే, ఆటగాడు నల్లకోటలోని చిక్కుదారులలో వెదకి, వెనుకనున్న రంగులోనే కలిసిపోయిన ఒకే ఒక బూడిదరంగు చుక్కను పట్టుకొని, దానిని ఒక గోడ వద్దకు మోసుకొని రావలెను. అప్పుడు ఆ గోడ దారి ఇస్తుంది. లోపల, ఈ ఆటను సృష్టించినవాడు వారెన్ రాబినెట్ అనే మాట నిలువుగా మెరుస్తూ కనిపిస్తుంది.

సాల్ట్ లేక్ సిటీలోని ఒక బాలుడు ఈ గదిని కనిపెట్టి కంపెనీకి ఉత్తరం వ్రాసేవరకు ఆ సంగతి యజమానులకు తెలియదు. అప్పటికే రాబినెట్ ఉద్యోగం మాని వెళ్ళిపోయినాడు. ఆ పేరు తుడిచివేయాలని కంపెనీవారు ఆలోచించారు గాని, అది సులభమైన పని కాదు. ఆనాటి కార్ట్రిడ్జ్‌లలో ప్రోగ్రామును కర్మాగారంలోనే సిలికాన్ మీద అచ్చు గుద్దేవారు. ఒక్క అక్షరం మార్చాలన్నా కొత్త అచ్చు చేయించాలి. దానికి వేల డాలర్లు ఖర్చు. కాబట్టి పేరు అట్లాగే ఉండిపోయినది. క్రైస్తవుల ఈస్టరు పండుగనాడు రంగులు వేసి దాచిన గ్రుడ్లను పిల్లలు వెదకినట్లు, ఆటలలో దాచిన వింతలను వెదకడం ఒక సరదాగా ఉంటుందని కంపెనీలోని ఒక అధికారి అన్నాడట. అప్పటినుండి ఇట్టి వాటికి 'ఈస్టర్ ఎగ్' అనే పేరు స్థిరపడినది.

వినడానికి ఇది వేడుక కథ. కాని దీని అడుగున ఒక గట్టి ప్రశ్న ఉన్నది. ఒక ఆటయంత్రానికి ఆటలు ఎవరు వ్రాయవచ్చును? అచ్చు మీద ఎవరి పేరు పడవలెను? లాభం ఎవరికి? వీడియో ఆటల పరిశ్రమలో పెద్ద కంపెనీలు చూపిన ప్రభావం అనగానే మనకు వారి ఆటలు జ్ఞాపకం వస్తాయి. నా ఉద్దేశంలో వారి అసలు ప్రభావం ఆటలలో కాదు, ఈ ప్రశ్నలకు వారు చెప్పిన జవాబులలో ఉన్నది. ఆ జవాబుల చరిత్ర కాలిఫోర్నియాలోని అటారీ కంపెనీతో మొదలవుతుంది.

128 బైట్ల యంత్రం

అటారీని 1972 లో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనే ఇద్దరు ఇంజనీర్లు స్థాపించారు. ఆ సంవత్సరమే వారి వద్ద పనిచేసిన ఆలన్ ఆల్కార్న్ 'పాంగ్' అనే బల్లబంతి ఆటను తయారుచేశాడు. ఆ తొలినాటి యంత్రాలలో ప్రోగ్రాము అన్నది లేదు. తీగలతో, తర్కవలయాలతో కట్టిన ఒక యంత్రం ఒకే ఆట ఆడిస్తుంది. తాళం తిప్పితే ఒకే రాగం పలికే సంగీతపు పెట్టె వంటిది అది. 1976 లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీవారు, జెర్రీ లాసన్ నాయకత్వంలో, యంత్రాన్ని వేరుచేసి ఆటను వేరుచేశారు. యంత్రంలో మైక్రోప్రాసెసర్ ఉంటుంది. ఆట ప్రోగ్రాము మార్చి మార్చి పెట్టుకోదగిన కార్ట్రిడ్జ్‌లో ఉంటుంది. సంగీతపు పెట్టె పోయి గ్రామఫోను వచ్చినదన్నమాట. రికార్డులు వేరుగా అమ్మవచ్చును అనే వ్యాపార సూత్రం కూడ దానితోనే పుట్టినది.

అదే సంవత్సరం వార్నర్ కమ్యూనికేషన్స్ అనే సంస్థ అటారీని 2.8 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ డబ్బు అండతో 1977 లో అటారీ తన కార్ట్రిడ్జ్ యంత్రాన్ని బజారులోకి తెచ్చినది. దానికి తరువాత 2600 అనే పేరు వచ్చినది. ఈ యంత్రం ఎంత చిన్నదో తెలిస్తే గాని, దానికి ఆటలు వ్రాసినవారి పని ఎంత పెద్దదో తెలియదు.

దానిలో తాత్కాలిక జ్ఞాపకశక్తి 128 బైట్లు. ఈనాడు వాడుకలో ఉన్న పద్ధతిలో ఒక్కొక్క తెలుగు అక్షరచిహ్నానికి, గుడికొమ్ములతో సహా, 3 బైట్లు పడతాయి. అనగా ఆ యంత్రం మొత్తం జ్ఞాపకంలో తెలుగులో 42 చిహ్నాలు పడతాయి. ఒక చిన్న వాక్యం. ఇక బొమ్మ సంగతి. ఆనాటి టెలివిజను గొట్టంలో ఎలక్ట్రాన్ పుంజం ఎడమనుండి కుడికి ఒక గీత గీసి, తిరిగి వచ్చి దాని క్రింద మరొక గీత గీస్తుందని పాఠకులకు తెలుసు. అమెరికా పద్ధతిలో ఈ యంత్రం ఒక బొమ్మకు 262 గీతలు, సెకనుకు సుమారు 60 బొమ్మలు పంపేది. వాటిలో బొమ్మ కనిపించే గీతలు సాధారణంగా 192. ఒక్కొక్క గీతకు చుక్కలు 160. గుణించి చూస్తే 30,720 చుక్కలు. రంగుల మాట ఎత్తకుండా, చుక్క వెలిగినదా లేదా అన్నది మాత్రమే గుర్తుంచుకొన్నా 3,840 బైట్లు కావాలి. ఉన్నవి 128.

అందుచేత ఆ యంత్రం బొమ్మను ఎక్కడా దాచుకోదు. పుంజం గీత గీస్తూ ఉండగానే, ఆ గీతలో ఏమి ఉండవలెనో ప్రోగ్రాము అప్పటికప్పుడు చెప్పాలి. ఒక గీత పూర్తి అయ్యే కాలంలో ప్రాసెసర్ గడియారం 76 సార్లు మాత్రమే కొట్టుకొంటుంది; ఆ వ్యవధిలో ఇరవై, ఇరవై ఐదు ఆదేశాలకు మించి సాగవు. బంతిభోజనాలలో వడ్డించేవాడు విస్తరి విస్తరికి కదలిపోతూ ఉంటాడు. వంటశాలలో నిల్వ లేదు. అతడు తరువాతి విస్తరి వద్దకు చేరేలోగా వండి గరిటెలో పోయాలి. ఒక్క క్షణం ఆలస్యమైనా ఆ విస్తరిలో వేరొకటి పడుతుంది. అటారీ ప్రోగ్రామర్లు సెకనుకు పదిహేనువేలకు పైగా విస్తళ్ళకు ఇట్లా వండి పోశారు. ఒక ఆటకు బొమ్మలు గీయడం, ధ్వనులు కూర్చడం, నియమాలు పెట్టడం, ప్రోగ్రాము వ్రాయడం అన్నీ ఒక్కడే చేసేవాడు.

నలుగురు బయటికి పోవుట

1978 చివర అటారీ అధిపతిగా రే కాసర్ వచ్చాడు. అతడు బట్టల పరిశ్రమలో ఆరితేరినవాడు. ఆ తరువాత ఒకనాడు కంపెనీవారు ఏ కార్ట్రిడ్జ్ ఎంత అమ్ముడుపోయినదో ఒక పట్టిక తయారుచేసి తమ ప్రోగ్రామర్లకు పంచారు. అమ్ముడుపోయే ఆటలవంటివే మరికొన్ని వ్రాయండి అని దాని తాత్పర్యం. డేవిడ్ క్రేన్, లారీ కాప్లాన్, ఆలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ అనే నలుగురు ఆ పట్టికను వేరే కన్నుతో చదివారు. 10 కోట్ల డాలర్ల కార్ట్రిడ్జ్‌ల అమ్మకంలో 6 కోట్లు తమ నలుగురి ఆటల వల్లనే వచ్చినట్లు లెక్క తేలినదని క్రేన్ తరువాతి కాలంలో చెప్పాడు. వారి జీతాలు మాత్రం మామూలు ఇంజనీరు జీతాలు. వారు కాసర్ వద్దకు వెళ్ళి, ఆటల మీద తమ పేర్లు, అమ్మకంలో కొంత వాటా అడిగారు. కార్ట్రిడ్జ్‌లను పెట్టెలలో బిగించే కార్మికులకంటె మీరు ముఖ్యులేమీ కారని కాసర్ జవాబిచ్చినట్లు క్రేన్ పలుచోట్ల చెప్పాడు.

ఇది ఒక పక్షంవారు చెప్పిన కథ అని మరువరాదు. పైగా, పెట్టెలు బిగించేవారితో పోల్చడమే అవమానమని నలుగురికీ తోచడంలో కొంత ఆలోచించవలసినది ఉన్నది. కాని కాసర్ లెక్క తప్పినది. బిగించేవారు వెళ్ళిపోతే తమతో కర్మాగారాన్ని తీసుకొనిపోలేరు. ఈ నలుగురు వెళ్ళిపోతూ కర్మాగారాన్ని తమ తలలలో పెట్టుకొని పోయారు.

1979 అక్టోబరులో, జిమ్ లెవీ అనే వ్యాపారితో కలిసి, వారు యాక్టివిజన్ అనే కంపెనీ పెట్టారు. లెవీ పాటల రికార్డుల వ్యాపారం ఎరిగినవాడు. గాయకుని పేరు చెప్పి రికార్డు అమ్మినట్లే ఆట వ్రాసినవాని పేరు చెప్పి ఆట అమ్మవచ్చునని అతనికి వేరే బోధించనక్కరలేకపోయినది. యాక్టివిజన్ యంత్రం తయారుచేయలేదు. అటారీవారి యంత్రంలో పట్టే కార్ట్రిడ్జ్‌లు మాత్రమే తయారుచేసినది. అంతకు ముందు ఇట్టి కంపెనీ లేదు: యంత్రం చేసినవారే ఆటలు చేసేవారు. ఈనాడు 'థర్డ్ పార్టీ' అని పరిశ్రమలో పిలువబడే స్వతంత్ర నిర్మాతల వర్గానికి ఇదే మొదలు. 1980 లో వారి మొదటి నాలుగు ఆటలు వచ్చినవి. ప్రతి ఆట మీద వ్రాసినవాని పేరు ఉన్నది.

ఇది ఎట్లా సాధ్యమైనది? అటారీ యంత్రానికి తాళం లేదు. కార్ట్రిడ్జ్ గాడిలో ఏ కంపెనీ సిలికాన్ ముక్కను దూర్చినా ప్రాసెసర్ మారుమాట లేకుండా దానిలోని ఆదేశాలను చదువుకొంటూ పోయేది. మరొకరు ఆటలు చేయగలరన్న ఆలోచనే దానిని కట్టినవారికి వచ్చి ఉండదు. అటారీ కోర్టుకు ఎక్కినది. 1982 లో రాజీ కుదిరినది: యాక్టివిజన్ అటారీకి కొంత రుసుము చెల్లిస్తుంది, ఆటలు చేసుకొంటుంది.

255 తెరల అడవి

ఆ నలుగురి పనితనానికి ఒక్క ఉదాహరణ చాలును. గణితం చెప్పే ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చేసి చూపవచ్చును. 1982 లో క్రేన్ వ్రాసిన 'పిట్‌ఫాల్' అనే ఆటలో ఒక మనిషి అడవిలో పరుగెత్తుతూ గుంటలు, మొసళ్ళు, తేళ్ళు తప్పించుకొని 32 నిధులను ఏరుకోవాలి. అడవిలో ఒకదాని ప్రక్క ఒకటిగా 255 తెరలు ఉన్నవి. ఒక్కొక్క తెరలో చెట్ల వరుస వేరు, గుంట వేరు, అపాయం వేరు. కార్ట్రిడ్జ్ మొత్తం 4,096 బైట్లు. దానిలోనే బొమ్మలు, ధ్వనులు, నియమాలు అన్నీ పట్టాలి. 255 తెరల వర్ణన ఎక్కడ పెట్టాలి?

క్రేన్ ఎక్కడా పెట్టలేదు. ఒకే ఒక బైటు, అనగా 8 బిట్ల సంఖ్య, తెరను నిర్ణయిస్తుంది: ఆ బిట్లలో కొన్ని చెట్లను, కొన్ని గుంటను, కొన్ని అపాయాన్ని చెపుతాయి. ఒక తెరనుండి ప్రక్క తెరకు పోయినప్పుడు ఒక నియమం ప్రకారం ఆ సంఖ్య మారుతుంది. దీనిని 8 బిట్లకు బదులు 3 బిట్లతో చేసి చూద్దాం. 001 తో మొదలు పెట్టండి. ఎడమవైపునున్న రెండు అంకెలను చూడండి: అవి ఒకటేయైతే 0, వేరైతే 1 అనుకోండి. ఇప్పుడు ఎడమ చివరి అంకెను తీసివేసి, మిగిలిన రెంటిని ఎడమకు జరిపి, అనుకొన్న అంకెను కుడి చివర చేర్చండి. 001 నుండి 010 వస్తుంది. దాని నుండి 101. తరువాత 011, 111, 110, 100. ఆ తరువాత మళ్ళీ 001. మూడు బిట్లతో సున్న కాని సంఖ్యలు ఏడు మాత్రమే. ఏడూ ఒక్కొక్కసారి వచ్చినవి, ఏదీ రెండుసార్లు రాలేదు. వరుస మాత్రం చిందరవందరగా, చీట్లు కలిపి తీసినట్లు కనిపిస్తుంది. 000 తో మొదలు పెడితే అక్కడే చిక్కుకొంటాము. అందుకే దానిని విడిచిపెట్టాలి. ఎనిమిది బిట్లకు తగిన నియమం ఎంచుకొంటే ఇదే విధంగా 255 సంఖ్యలు వస్తాయి. అదే క్రేన్ అడవి. ఆటగాడు వెనుకకు నడిచినప్పుడు వెనుకటి తెరయే రావాలి గనుక, నియమాన్ని తిరగవేసి కూడ వ్రాశాడు. ఇంతటి అడవికీ పట్టినవి కొన్ని పదుల బైట్లు.

ఈ ఆట 40 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయినది. ఈ చిందరవందర వరుసను పాఠకులు మనసులో ఉంచుకొనవలెను. ముందుముందు ఇది వేరొక వేషంలో ఎదురుపడుతుంది.

సంత కూలుట

తలుపుకు తాళం లేదని యాక్టివిజన్ చూపించగానే అందరూ ఆ తలుపు త్రోసుకొని వచ్చారు. కొందరు పనివాళ్ళే: 1981 లో అటారీనుండి మరికొందరు వెళ్ళి ఇమాజిక్ అనే మంచి కంపెనీ పెట్టారు. కాని ఓట్ల అటుకులు అమ్మే క్వేకర్ కంపెనీకి కూడ ఆటల విభాగం వెలిసినది. కుక్కల ఆహారం అమ్మే మరొక కంపెనీ తన సరుకు ప్రకటన కోసమే ఒక ఆట చేయించినది. పనికిమాలిన ఆటలు అంగళ్ళలో గుట్టలు పడినవి. అమ్ముడుపోని సరుకు కంపెనీకి తిప్పి పంపవచ్చునని అంగడివారి ధైర్యం. తిప్పి పంపబోతే కంపెనీయే దివాలా తీసి ఉన్నది. అప్పుడు వారు ముప్ఫయి డాలర్ల ఆటను ఐదు డాలర్లకు బుట్టలో పోసి అమ్మారు. బుట్టలో ఐదు డాలర్లకు ఆట దొరుకుతుండగా మంచి ఆటను పూర్తి ధరకు కొనేదెవరు?

అటారీ తానే చేసిన తప్పులూ తక్కువ కాదు. 1982 లో 'ఇ. టి.' అనే సినిమా ఆధారంగా ఒక ఆటను క్రిస్మస్ నాటికి సిద్ధం చేయాలని హోవర్డ్ స్కాట్ వార్షాను ఆజ్ఞాపించారు. అతనికి దొరికిన కాలం సుమారు 5 వారాలు. లక్షల ప్రతులు మిగిలిపోయినవి. 1983 లో న్యూ మెక్సికోలోని ఆలమొగోర్డో ఊరి చెత్తగుంటలో అటారీ తన సరుకును పూడ్చిపెట్టినది. చాలాకాలం ఇది కట్టుకథ అనుకొన్నారు; 2014 ఏప్రిలులో త్రవ్వి చూస్తే కార్ట్రిడ్జ్‌లు బయటపడినవి. వాటిలో ఇ. టి. ఒక్కటే కాదు, బాగా అమ్ముడుపోయిన ఆటలు కూడ ఉన్నవి. ఒక్క ఆటతో పరిశ్రమ కూలినదని చెప్పుకొనే మాట నిజం కాదనడానికి ఆ గుంటయే సాక్ష్యం.

1983 లో అటారీ నష్టం 50 కోట్ల డాలర్లు దాటినది. అమెరికాలో ఇంటి ఆటల వ్యాపారం సుమారు 300 కోట్ల డాలర్లనుండి రెండేండ్లలో 10 కోట్లకు పడిపోయినదని సాధారణంగా చెపుతారు. 1984 లో వార్నర్‌వారు అటారీని రెండు ముక్కలు చేసి, ఇంటి యంత్రాల భాగాన్ని జాక్ ట్రామియెల్‌కు అమ్మివేశారు. నాణెం వేసి ఆడే యంత్రాల భాగం 'అటారీ గేమ్స్' అనే వేరు కంపెనీ అయినది. యాక్టివిజన్ కూడ దెబ్బతిన్నది. దాని స్థాపకులలో మిల్లర్, వైట్‌హెడ్ బయటికి వచ్చి 1984 లో అకొలేడ్ అనే కంపెనీ పెట్టారు. ఈ రెండు పేర్లు, అటారీ గేమ్స్, అకొలేడ్, మళ్ళీ వస్తాయి.

క్యోటో నుండి వచ్చిన తాళం

జపానులోని క్యోటో నగరంలో 1889 నుండి పూల బొమ్మల పేకముక్కలు తయారుచేసిన నింటెండో అనే కంపెనీ, 1983 జులైలో మసయుకి ఉయెమురా రూపొందించిన ఆటయంత్రాన్ని అక్కడ విడుదల చేసినది. దానికి తాళం లేదు. 1985 లో దానినే అమెరికాకు తీసుకొని వచ్చేటప్పుడు మాత్రం, అటారీ గతి చూచినవారు గనుక, లోపల ఒక తాళం పెట్టారు.

తాళం అంటే ఒక చిన్న సిలికాన్ ముక్క. యంత్రంలో ఒకటి, ప్రతి కార్ట్రిడ్జ్‌లో ఒకటి. రెండింటిలోనూ ఒకే ప్రోగ్రాము. యంత్రంలోని ముక్క ఎక్కడ మొదలు పెట్టాలో కార్ట్రిడ్జ్‌లోని ముక్కకు చెపుతుంది. అక్కడినుండి రెండూ ఒకే రహస్య నియమంతో, ఎవరికి వారే, చిందరవందర అంకెల వరుసను పుట్టించుకొంటూ పోతాయి. పాఠకులు గుర్తుపట్టే ఉంటారు. క్రేన్ అడవి వరుస, ఈ తాళం వరుస ఒకటి కాకపోయినా ఒకే జాతికి చెందినవి: నియమం తెలిసినవానికి తరువాతి అంకె తెలుసు, తెలియనివానికి అది అంధకారం. అంకెలు కలిసినంతసేపు ఆట సాగుతుంది. కలియకపోతే తాళం ప్రాసెసర్‌ను సెకనుకొకసారి మొదటికి తెస్తూ ఉంటుంది; తెర మినుకుమినుకుమంటుంది గాని ఆట మొదలు కాదు. కార్ట్రిడ్జ్ గాడిలో మట్టి చేరినా ఇదే జరిగేది. ఒక తరం అమెరికా పిల్లలు కార్ట్రిడ్జ్‌లోనికి ఉఫ్ మని ఊదడం నేర్చుకొన్నది ఈ తాళం పుణ్యమే.

తాళం తనదైన తరువాత షరతులూ తనవే. నింటెండో యంత్రానికి ఆటలు చేయదలచిన కంపెనీ ఏడాదికి 5 ఆటలకు మించి చేయరాదు. ఆ ఆటను 2 సంవత్సరాల వరకు మరొక కంపెనీ యంత్రానికి ఇవ్వరాదు. కార్ట్రిడ్జ్‌లను నింటెండోయే తయారుచేస్తుంది. డబ్బు ముందుగా చెల్లించాలి. అమ్ముడుపోకపోతే ఆ నష్టం ఆట చేసినవారిదే. 1988 లో జ్ఞాపక ముక్కల కొరత వచ్చినప్పుడు ఎవరికి ఎన్ని కార్ట్రిడ్జ్‌లు అన్నది కూడ నింటెండో నిర్ణయించినది. ఇంతా చేసి నింటెండో తాను కూడ ఆటలు చేసే కంపెనీ. షిగెరు మియమోతో బృందం చేసిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆ యంత్రానికి ప్రాణం పోసినది. వాకిలి కాచేవాడే సంతలో పెద్ద వర్తకుడు కూడ అయితే ఇతరుల స్థితి ఎట్లా ఉంటుందో ఊహించవచ్చును. ఐదు ఆటల హద్దు దాటడానికి కొనామీ అనే కంపెనీ అల్ట్రా అనే మారుపేరుతో మరొక కంపెనీ తెరిచినది.

న్యాయంగా రెండవ వైపు కూడ చెప్పాలి. చెత్త ఆటల భయం తగ్గినది, తల్లిదండ్రులకు, అంగడివారికి నమ్మకం తిరిగి వచ్చినది, చచ్చినదనుకొన్న వ్యాపారం లేచి కూర్చున్నది. 1990 నాటికి అమెరికాలో సుమారు మూడింట ఒక వంతు ఇండ్లలో ఆ యంత్రం ఉన్నది. పేరు సంగతి మాత్రం మళ్ళీ మొదటికి వచ్చినది. ఆ కాలపు జపాను కంపెనీలు తమ పనివాళ్ళను ఇతరులు లాగుకొనిపోతారనే భయంతో ఆట చివర మారుపేర్లు మాత్రమే వేసేవి. కీజి ఇనాఫునే అనే ప్రసిద్ధ రూపకర్త కాప్‌కామ్ కంపెనీ ఆటలలో 'ఇనాఫ్‌కింగ్' అని కనిపిస్తాడు. రాబినెట్ రహస్యపు గదికి దీనికి పెద్ద దూరం లేదు.

తాళం బద్దలు కొట్టినవారు

ఈ తాళాన్ని విప్పడానికి పూనుకొన్నవారిలో ముఖ్యులు ఎవరనుకొన్నారు? అటారీ గేమ్స్‌వారు. ఒకనాడు తమ యంత్రానికి ఇతరులు ఆటలు చేయరాదని కోర్టుకెక్కిన సంస్థకు పుట్టిన ముక్కయే ఇప్పుడు మరొకరి వాకిట నిలబడినది. టెంగెన్ అనే శాఖ ద్వారా మొదట లైసెన్సు తీసుకొన్నారు. ఆ తరువాత 1988 డిసెంబరులో నింటెండో మీద దావా వేసి, సొంత తాళపుచెవితో కార్ట్రిడ్జ్‌లు అమ్మసాగారు. కాని ఆ తాళపుచెవి వచ్చిన దారి మంచిది కాదు. సిలికాన్ ముక్కను పరిశీలించినా నియమం పూర్తిగా అంతుపట్టలేదు. అప్పుడు వారి న్యాయవాదులు అమెరికా కాపీరైటు కార్యాలయానికి పోయి, ఈ ప్రోగ్రాము గురించి తమ మీద వ్యాజ్యం నడుస్తున్నదని అబద్ధం చెప్పి, నింటెండో అక్కడ దాఖలు చేసిన ప్రతిని సంపాదించారు. 1992 లో అప్పీలు కోర్టు ఒక సూక్ష్మమైన మాట చెప్పినది: ఒక వస్తువును విప్పి చూచి దాని పని తెలుసుకోవడం తనంతట తాను తప్పు కాదు, దొంగదారిన సంపాదించిన ప్రతితో చేయడం తప్పు. అటారీ గేమ్స్ ఓడిపోయినది.

అదే సంవత్సరం మరొక అప్పీలు కోర్టులో మరొక తీర్పు. సెగా అనే జపాను కంపెనీ యంత్రానికి అకొలేడ్‌వారు లైసెన్సు లేకుండా ఆటలు చేశారు. వారు సెగా ఆటలను కొని, వాటి ప్రోగ్రామును విప్పి చదివి, యంత్రం ఏమి కోరుతున్నదో తమంతట తాము గ్రహించారు. సెగా తన కొత్త యంత్రంలో ఒక చిన్న తాళం వేసినది: ప్రోగ్రాములో ఒక నిర్ణీత స్థానంలో సెగా పేరులోని నాలుగు అక్షరాలు లేకపోతే ఆట నడవదు, ఉంటే తెర మీద ఇది సెగా లైసెన్సుతో చేసినదన్న ప్రకటన పడుతుంది. అకొలేడ్ ఆ నాలుగు అక్షరాలు పెట్టినది. క్రింది కోర్టు అకొలేడ్‌ను నిరోధించినా, 1992 లో అప్పీలు కోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. యంత్రం ఏమి కోరుతున్నదో తెలుసుకోవడానికి వేరు మార్గం లేనప్పుడు ప్రోగ్రామును విప్పి చదవడం న్యాయమైన వినియోగమే అన్నది. ఈ తీర్పును కంప్యూటరు న్యాయశాస్త్రంలో ఈనాటికీ ఉదహరిస్తారు. అకొలేడ్ స్థాపకులు మిల్లర్, వైట్‌హెడ్ అన్న సంగతి జ్ఞాపకం తెచ్చుకొంటే, 1979 లో అటారీ గది విడిచిన ఇద్దరు తమ వాదాన్ని పదమూడేండ్ల తరువాత న్యాయస్థానంలో గెలిచినట్లయినది.

తరువాతి కథ త్వరగా చెప్పుకోవచ్చును. 1994 చివర సోనీ తన ప్లేస్టేషన్ యంత్రంతో వచ్చినది; కార్ట్రిడ్జ్ బదులు సీడీ, దాని తయారీ ఖర్చు చాలా తక్కువ. నింటెండో కార్ట్రిడ్జ్‌ను పట్టుకొని వ్రేలాడినది. 1997 లో స్క్వేర్ కంపెనీ తన 'ఫైనల్ ఫాంటసీ 7' ఆటను మూడు సీడీల మీద సోనీ యంత్రానికే ఇచ్చినది. పెద్ద నిర్మాత ఒకడు వాకిలి మార్చుకొంటే వాకిలి కాచేవాని బలం ఎంత తగ్గుతుందో దానితో తెలిసినది. తాళాలు పోలేదు, ఇప్పుడు యంత్రంలోనే కాక అమ్మకపు అంగడిలో కూడ ఉన్నవి. 2008 లో యాపిల్ కంపెనీ తెరిచిన ఫోను అంగడిలో 30 శాతం రుసుము మీద 'ఎపిక్' అనే ఆటల కంపెనీ 2020 లో వ్యాజ్యం వేసినది.

ఇక యాక్టివిజన్. అది అనేక చేతులు మారి, బ్లిజార్డ్ అనే కంపెనీతో కలిసి, 'కాల్ ఆఫ్ డ్యూటీ' వంటి ఆటలతో బ్రహ్మాండమైన సంస్థ అయినది. 2022 జనవరిలో దానిని 6,870 కోట్ల డాలర్లకు కొంటామని మైక్రోసాఫ్ట్ ప్రకటించినది. ఆ నిర్ణయం తీసుకొన్న సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టి పెరిగినవారు. అమెరికా, బ్రిటన్ ప్రభుత్వ సంస్థలు మొదట అడ్డుపడినవి. వారి సందేహం పాతదే: సొంత యంత్రం గల మైక్రోసాఫ్ట్ ఈ ఆటను సోనీ యంత్రానికి ఇవ్వకుండా తలుపు మూస్తే? పదేండ్ల వరకు ఇస్తామని 2023 జులైలో సోనీతో ఒప్పందం వ్రాసుకొన్నారు. అక్టోబరులో అమ్మకం పూర్తి అయినది.

అంతకు ముందు, 2022 మేలో, యాక్టివిజన్‌కు చెందిన విస్కాన్సిన్ రాష్ట్రంలోని రేవెన్ సాఫ్ట్‌వేర్‌లో మరొక సంగతి జరిగినది. అక్కడి పరీక్షకులు, అనగా ఆట విడుదల కాకమునుపు దానిని వేల సార్లు ఆడి తప్పులు వెదికేవారు, సంఘం పెట్టుకొనడానికి ఓట్లు వేశారు. అనుకూలంగా 19, వ్యతిరేకంగా 3. రూపకర్తలు కారు, ప్రోగ్రామర్లు కారు. కాసర్ పోలికలో పెట్టెలు బిగించేవారి కోవకు చెందినవారు వీరు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన ఆటల విభాగంలో 1,900 మందిని తొలగించినది.